స్వెటర్ అంచున రెండక్షరాలు

మా బెస్తల ఊరు పోర్త్‌వీన్ రేవులో, పెరూకి పెట్టెలు పంపే చిన్న ధర్మసంస్థ గురించి ఎవరిని అడిగినా ప్రార్థనతో మొదలైందంటారు. ఉత్తమాట! అది థిర్జా రోస్‌వియర్ అనుమానంతో మొదలైంది.

మా రేవులో ముసలమ్మలంతా అందరికీ అత్తలే. థిర్జా అత్త మాత్రం పాలవాడి పాలల్లో వేలు ముంచి చూసే రకం. పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో, పెరూ కొండల్లో నర్సుగా ఉన్న మా ఊరి కెరెన్సా టాంకిన్ చర్చికి ఉత్తరం రాసింది. చలికి జనం దగ్గి దగ్గి చస్తున్నారు, ఊలు బట్టలు పంపమని. ఆడవాళ్ళు కరిగిపోయి స్వెటర్లు అల్లడం మొదలుపెట్టారు. థిర్జా మూతి తిప్పింది.

"దాని నాన్న తక్కెడ మీద బొటనవేలు పెట్టి చేపలమ్మినవాడు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుందే?"

అయినా తనూ మూడు అల్లింది. ఎందుకనుకున్నారు? మా దగ్గర బెస్తవాడి స్వెటర్ అంచున వాడి పేరులోని అక్షరాలు అల్లుతారు, శవం ఏ ఒడ్డున తేలినా గుర్తుపట్టాలని. ఆ మూడింటి మీద థిర్జా తన పేరులోని అక్షరాలే అల్లింది, టి, ఆర్ అని. ఏ సంతలో అమ్మినా దొంగ దొరకాలని!

మొదటి పెట్టె వెళ్ళిన కొన్నాళ్ళకు కెరెన్సా దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. గుడిసె ముందు ఆడవాళ్ళు, పిల్లలు. ఒక్కరి ఒంటిమీదా స్వెటర్ లేదు.

"చూశారా? అమ్ముకు తినేసింది!" అంది థిర్జా. రెండో పెట్టె సర్దడం ఆగిపోయింది. అత్త కాదంటే రేవులో సూది పట్టే ఆడది లేదు. అక్కడ చలి మాత్రం ఆగదు కదా.

నెల తిరక్కుండా కెరెన్సా సెలవు మీద వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి చేతుల్లో టీ కప్పులుండగానే థిర్జా నిలదీసింది.

"నా స్వెటర్లేవే?"

"విప్పేశారత్తా."

"విప్పేశారా! నా చేతిపనిని!"

"మరేం చేస్తారు? నువ్వు వల లాగే మగాళ్ళ కొలతకి అల్లావు. అక్కడ దగ్గేది మూడేళ్ళ పిల్లలు. ఒక్కోదాంట్లో ముగ్గురు దూరతారు."

నిజమే. మా ఆడవాళ్ళ చేతులకు తెలిసింది ఆ ఒక్క కొలతే.

"కథలు చెప్పకు. ఊలేదీ?"

"ఫోటోలో పిల్లల నెత్తిమీద చూడలేదా?" అంటూ కెరెన్సా సంచిలోంచి చెవులు కప్పే నీలం టోపీ తీసింది. థిర్జా తిరగేసి, బోర్లించి, అంచంతా వేలితో తడిమింది. టి, ఆర్.

"వాళ్ళకి చదువు రాదత్తా. అల్లినావిడ పెట్టిన దీవెన అనుకుని, విప్పేముందు చూసి నేర్చుకున్నారు. నలభై టోపీల మీదా నీ అక్షరాలే. ఇది ఒకామె నీకిమ్మని పంపింది."

థిర్జా ఆ అక్షరాల్ని మళ్ళీ నిమిరింది. కానీ పాతబుద్ధి ఊరుకుంటుందా? టోపీ లోపల పొడుగాటి నల్లవెంట్రుక కనిపించింది.

"ఇది కొత్తది కాదే. ఎవరి తలమీంచి తీసింది?"

"వాళ్ళ పాప తలమీంచే. ఇవ్వడానికి ఇంట్లో ఇంకేం లేదు."

"అంటే ఆ పిల్ల తల ఇప్పుడు ఉత్తదేనా?"

"ఉత్తదే అత్తా."

థిర్జా కెరెన్సా చెయ్యి పట్టుకుంది. "నిన్ను దొంగన్నాను తల్లీ, నా నోరు పడిపోను!" అంది. ఆ వెంటనే మిగతావాళ్ళ మీద విరుచుకుపడింది. "ఏం చూస్తారే? వాళ్ళకి అల్లడం వచ్చు. పెట్టె నిండా ఊలు పంపండి!"

తన సంచిలోంచి సూదులు తీసింది.

"ఆ పిల్ల పేరు చెప్పు. టోపీ మీద వేసుకునేవాళ్ళ పేరే ఉండాలి, నాది కాదు."