నాలుగు శాతం

మైదానం పక్కన సామాన్ల గదిలో హాకీ కర్రలకు గ్రిప్పులు చుట్టే పెద్దమనిషికి ఒకే ఒక్క జబ్బు. దేని గురించి అడిగినా శాతాల్లో చెబుతాడు. "వాన పడుతుందా?" అంటే పడుతుందనీ అనడు, పడదనీ అనడు. తలుపు దాకా వచ్చి, ఒక కన్ను మూసి మబ్బును కొలిచి, "ముప్ఫై ఏడు" అంటాడు. నలభై ఎందుకు కాకూడదని అడిగినవాడి కర్రకు ఆ పూట గ్రిప్పు చుట్టడు. చిన్నా పెద్దా అందరికీ ఆయన శాతాల బాబాయ్.

ఒకసారి కోచ్ వేళాకోళానికి, "రేపు సూర్యుడు ఉదయిస్తాడా బాబాయ్?" అన్నాడు. బాబాయ్ పని ఆపి చాలాసేపు ఆలోచించాడు.

"తొంభై తొమ్మిది."

"ఆ ఒక్కటీ ఎందుకు మిగిల్చావు?"

"మాటిచ్చేస్తే తేడా వచ్చిననాడు నన్ను పట్టుకుంటారు."

ఇంట్లోనూ ఇదే వరస. భార్య కూర వడ్డిస్తుంటే, "ఉప్పు సరిపోయే అవకాశం యాభై ఐదు" అన్నాడట. "ఈ గరిటె మీ నెత్తిన పడే అవకాశమో?" అని అడిగింది ఆవిడ. "తొంభై రెండు" అంటూ కంచంతో సహా లేచాడు. మిగిలిన ఎనిమిదే ఆయన్ను కాపాడింది. గరిటె గోడకు తగిలింది.

అయితే ఆయన అసలు విద్య ఆటగాళ్ళ మీద. కర్ర చేతికిచ్చేటప్పుడు, నువ్వు పెద్ద లీగుకు వెళ్ళే అవకాశం ఇంత అని చెప్పి మరీ ఇస్తాడు. వీధి చివర మందుల షాపాయనకు పాతికేళ్ళ కిందట ఎనభై తొమ్మిది చెప్పాడు. ఇప్పటికీ దగ్గు మందు కోసం వెళ్ళినవాళ్ళకు ముందు ఆ సంగతి చెప్పి, తర్వాతే మందిస్తాడు ఆయన. "ఎనభై తొమ్మిదండీ! ఈ మోకాలే లేకపోతేనా..." అంటూ మోకాలి మీద చరుచుకుంటాడు. ఆ చరుపు చూస్తే మోకాలికి ఏ లోపమూ ఉన్నట్టు కనబడదు.

అంతమందికి అన్నన్ని శాతాలు పంచిన మనిషి, పరుగుపిల్లకు మాత్రం నాలుగు చెప్పాడు. మూడేళ్ళుగా అదే నాలుగు.

పరుగుపిల్ల అని పేరు పెట్టింది కోచే. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు ఆమెను మించి పరిగెత్తేవాళ్ళు లేరు. చిక్కల్లా బంతితోనే. ఆమె గోలు దగ్గరికి చేరేసరికి బంతి ఇంకా మధ్య గీత దగ్గర ఎవరికోసమో ఎదురుచూస్తుండేది.

"ఏం చేస్తే ఐదవుతుంది బాబాయ్?" అని మొదటి ఏడాది అడిగింది.

"వెళ్ళేటప్పుడు బంతిని కూడా తీసుకెళ్ళు."

ఆమె ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలు పగబట్టినట్టు సాధన చేసి, బంతిని కర్రకు అతికించినట్టు నడిపించడం నేర్చుకుని వచ్చింది.

"ఇప్పుడో?"

"నాలుగు."

"అదేంటి బాబాయ్! బంతి వచ్చిందిగా?"

"వచ్చింది. ఎడమ పక్క నుంచి వచ్చే బంతి మాత్రం నీకు అత్తగారిలా కనబడుతోంది. పక్కకు తప్పుకుని దారిచ్చేస్తున్నావు."

పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి, గోడకేసి రోజుకు రెండొందల బంతులు కొట్టి, ఎడమ పక్కనూ దారికి తెచ్చుకుంది. శాతం చలించలేదు. పొడుగుపిల్ల అని ఇంకొకమ్మాయి ఉంది. నిలబడితే ఫొటో, కదిలితే సినిమా. ఆ అమ్మాయికి మొదటి రోజే ఎనభై ఆరు వచ్చాయి.

పెద్ద లీగు జట్టు ఎంపికకు ఈ ఏడాది జరిగే ట్రయల్స్ పరుగుపిల్లకు ఆఖరివి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. కళ్ళజోళ్ళ షాపు నడిపే బావ అప్పటికే కౌంటరు వెనక స్టూలు వేసి ఉంచాడు. "ట్రయల్స్‌లో తేలకపోతే సోమవారం నుంచి షాపుకి రావాలి మరదలా. ఇక్కడ పరిగెత్తే పనుండదు, అద్దాలు పగులుతాయి" అని ముందే చెప్పాడు. ఆమె సరేనంది.

ట్రయల్స్ బాగానే జరిగాయి. ఆ సాయంత్రం బూట్లు తీసుకుందామని సామాన్ల గది దగ్గరికి వచ్చేసరికి, లోపల బాబాయ్ ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆయనకు చెవులు కాస్త మందం కావడంతో ఫోనులో గుసగుసలాడినా అవతలి గోలుపోస్టు దాకా వినబడుతుంది.

"ఒక్క చోటే మిగిలిందా? ఇద్దరూ సమానంగా ఉన్నారా? పొడుగుపిల్లకా? ఎనభై ఆరు. పరుగుపిల్లకా? నాలుగు... ఆఁ, నాలుగే తల్లీ. అర కూడా కలపను."

పరుగుపిల్ల బయటే నిలబడిపోయింది. అడిగింది ఎవరో తెలుస్తూనే ఉంది. ముగ్గురు సెలెక్టర్లలో చిన్నావిడ ఈ మైదానంలోనే పెరిగిన మనిషి. మూడేళ్ళు పట్టుకున్న కర్రను తలుపు పక్కనున్న చెత్తడబ్బాలో పడేసి, బావకు ఫోను చేసింది.

"సోమవారం వస్తున్నాను బావా."

"ఫలితాలు వచ్చేశాయా?"

"రాకముందే తెలిసిపోయింది."

మర్నాడు పొద్దున్నే కోచ్ ఫోను చేసి, జాబితాలో ఆఖరి పేరు నీదేనన్నాడు. ఆమె నమ్మలేదు. చెప్పులు తిరగామరగా వేసుకుని మైదానానికి పరిగెత్తి, నోటీసు బోర్డు దగ్గరున్న చిన్న సెలెక్టరును పట్టుకుంది.

"ఎక్కడో పొరపాటు జరిగిందండీ. బాబాయ్ నాకు నాలుగే అన్నాడు. నేను విన్నాను."

"అందుకేగా నీ పేరు రాశాం" అంది ఆవిడ. "నాకెంత చెప్పాడో తెలుసా? రెండున్నర. తొమ్మిదేళ్ళు ఆడాను పెద్ద లీగులో. నా ముందు వెళ్ళినావిడకి మూడు. ఆ ముందాయనకి ఐదు. ఆయనకి ఆ ఐదెలా వచ్చిందా అని నాకిప్పటికీ కడుపుమంటే."

"మరి ఎనభైలు వచ్చినవాళ్ళు?"

"మందుల షాపులో అడుగు."

పరుగుపిల్ల నోరు తెరిచింది. మోకాలు చరుచుకుంటూ పాతికేళ్ళుగా దర్జాగా బతుకుతున్న మనిషి కళ్ళముందు కదిలాడు. పొడుగుపిల్ల కూడా ఏడవలేదట. "ఎనభై ఆరున్నదాన్ని పోగొట్టుకున్నారు, వాళ్ళ ఖర్మ" అని లా కాలేజీ దరఖాస్తు పట్టుకుని హుందాగా వెళ్ళిపోయిందని కోచ్ చెప్పాడు.

సామాన్ల గదిలో బాబాయ్ ఎప్పటిలాగే ముక్కాలి పీట మీద కూర్చుని గ్రిప్పు చుడుతున్నాడు. చేతిలో ఉన్నది ఆమె చెత్తలో పడేసిన కర్ర.

"కోపం తెచ్చుకుంటే పైకొచ్చేవాళ్ళకి తక్కువ, రానివాళ్ళకి ఇంటికి పట్టుకెళ్ళడానికి ఎక్కువ. అంతేగా బాబాయ్ నీ లెక్క?"

"లెక్క లెక్కే. నాకు వేరే ఉద్దేశాలు అంటగట్టకు" అన్నాడు తలెత్తకుండా. "అయినా కర్రలు చెత్తడబ్బాలో వేస్తారా? నేను చూడకపోయే అవకాశం అరవై ఎనిమిది."

ఆమె కర్ర అందుకుంది. ఒక ప్రశ్న గొంతుదాకా వచ్చింది. అడగాలంటే భయం వేసింది. బాబాయ్ నోట ఎనభై అన్నమాట వస్తే తన పని అయిపోయినట్టే.

"మొదటి పదకొండు మందిలో ఆడే అవకాశం ఎంత బాబాయ్?"

ఆయన కన్ను మూసి, ఆమెను కిందినుంచి మీదికి కొలిచాడు.

"మూడు."

పరుగుపిల్ల కెవ్వుమని అరిచి, ఆయన బోడిగుండు మీద ముద్దుపెట్టి, బయటికి పరిగెత్తుతూనే ఫోను తీసింది.

"బావా! స్టూలు తీసేయ్! నాకు మూడే శాతం!"

అవతల బావ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "మరదలా, కళ్ళజోళ్ళమ్మడం సరే. ముందు నువ్వొకసారి వచ్చి కళ్ళు పరీక్ష చేయించుకో."