పర్చూరు దారిలో పట్టేసిన బ్రేకు

మా బాబాయి పోయాక ఆయన కారు నా చేతికొచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. పిన్నికి డ్రైవింగ్ రాదు. చీరాలలో మంచాన పడ్డ తన అత్తగారిని, బాబాయి వాళ్ళమ్మను, చూడడానికి శనివారాలు ఆమెను చిలకలూరిపేట నుంచి నేనే తీసుకెళ్ళేవాణ్ణి.

మొదటిసారి మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. పర్చూరు ఇంకా రాలేదు. బండి ఉన్నట్టుండి బరువెక్కింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఈడ్చుకుంటూ నాలుగు గజాలు పోయి ఆగిపోయింది. బ్రేకు మీద నా కాలు లేదు.

"ఎందుకాపావురా?" అంది పిన్ని.

"నేనాపలేదు పిన్నీ. దానంతటదే పట్టేసింది."

ఆమె బయటికి చూసింది. రెండు వైపులా ఏరడం అయిపోయిన పత్తి చేలు. లారీల మీంచి రాలిన దూది తుమ్మకంపలకు చిక్కుకుని ఉంది. గాలి లేదు. అయినా ఒక్క కొమ్మకున్న దూది మాత్రం కదులుతోంది.

"ఇక్కడేరా," అంది మెల్లగా.

బాబాయికి గుండెపోటు వచ్చింది ఆ దారిలోనేనని తెలుసు గానీ, చోటు నాకు తెలియదు. కారును పక్కకు తీసి ఆపి, అందులోనే పోయారట.

కాసేపటికి చక్రాలు వదిలాయి. ఏమీ జరగనట్టు కారు కదిలింది. మరుసటి వారం కూడా అక్కడే పట్టేసింది. ఈసారి పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఎవరి మాటలో వింటున్నట్టు తల వంచుకుంది.

పేటలో మెకానిక్‌కు చూపించాను. "మాస్టర్ సిలిండర్ పాడైందండి. కాలు తీసినా బ్రేక్ ఆయిల్ వెనక్కి రావట్లేదు. పోను పోను వేడెక్కి బిగుసుకుంటది, చల్లారితే వదులుద్ది," అన్నాడు. బయల్దేరేది అదే ఇంటి నుంచి, అదే దూరం, అదే ఎండ. అక్కడికొచ్చేసరికే పట్టేయడంలో వింతేముంది? నాకు ప్రాణం కుదుటపడింది. పిన్నికి అదే చెప్పాను.

"మరి చీరాల నుంచి వచ్చేటప్పుడు?" అంది.

నిజమే. తిరిగొచ్చేటప్పుడూ అక్కడే ఆగాం. అటు నుంచి దూరం వేరు.

సిలిండర్ మార్పించాను. మళ్ళీ బయల్దేరినప్పుడు, ఆ చోటికి రాగానే కారు ఆగింది. ఈసారి మెత్తగా, పద్ధతిగా, రోడ్డు పక్కన. కిందికి చూశాను. బ్రేకు తొక్కింది నా కాలే. ఎప్పుడు తొక్కానో తెలియదు. స్టీరింగ్ ఎప్పుడు తిప్పానో కూడా తెలియదు.

పిన్ని తలుపు తీసుకుని దిగింది. చేను వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడినట్టే, "అత్తయ్యను నేను చూసుకుంటన్నా గదండీ. ఇంక మీరు వెళ్ళండి," అంది. వచ్చి కారులో కూర్చుంది.

"పోనీరా."

ఆ కారు చాన్నాళ్ళు నడిపాను. బ్రేకు మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు. అయినా ఆ దారిలో ఒంటరిగా వెళ్ళాల్సొస్తే మాత్రం బస్సెక్కేవాణ్ణి.