చంద్రుడి మీద ఖాళీ బండి

ఆ మధ్య మన దేశం పంపిన యంత్రం చంద్రుడి మీద దిగిన సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు చోటు దొరకలేదు. మనుమలు, వాళ్ళ స్నేహితులు, ఎందుకు వచ్చాడో తెలియని పాలబ్బాయి అందరూ కూర్చున్నారు. దిగింది అనగానే పిల్లలు ఇల్లు ఎగిరిపోయేటట్టు చప్పట్లు కొట్టారు. అప్పుడు మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో అట్లకాడ అలాగే పట్టుకుని, "లోపల ఏం పెట్టి పంపిండ్రట?" అని అడిగింది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న పుణ్యాన నాకు పెళ్ళయింది గనుక దాన్ని చూసి నవ్వే ధైర్యం నాకింకా రాలేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రష్యా వాళ్ళు స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపిన ఏడాది. నేనప్పుడు కరీంనగర్‌లో హైస్కూలు చదువుతున్నాను. నిజాం పోయి, హైదరాబాద్ రాష్ట్రం కూడా పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడాది కూడా నిండలేదు; బడిలో సగం మంది సార్లు ఉర్దూలో, సగం మంది తెలుగులో ఆలోచిస్తూ ఉండేవారు. ఉర్దూ సారు దాన్ని మస్నూయీ చాంద్ అన్నారు, అంటే మనిషి చేసిన చంద్రుడని. తెలుగు సారు కృత్రిమ ఉపగ్రహమన్నారు. మా బాపు, అంటే మా నాన్న, మాత్రం "గా తిరిగేది" అన్నాడు. ఆ తర్వాత హైదరాబాదులో డిగ్రీ చదివి, పుస్తకాలు తిరగేసి, నేనూ చివరికి బాపు చెప్పిన దగ్గరికే వచ్చి చేరాను.

డిగ్రీ చేతికి రాగానే ఆదిలాబాద్‌లో సైన్సు సారు ఉద్యోగం వచ్చింది. పత్తి మిల్లుల ఊరు. చలికాలం వచ్చిందంటే గాలిలో దూది తేలుతూ ఉండేది, పిల్లలు సగం తెలుగు సగం మరాఠీ కలిపి అబద్ధాలు చెప్పేవారు. పేపరు రైల్లో మరునాడు వచ్చేది కాబట్టి చంద్రుడి మీద జరిగే సంగతులు కూడా ఆదిలాబాద్ వరకు ఒక రోజు ఆలస్యంగానే జరిగేవి. మనిషి లేకుండా అంతరిక్షంలోకి పోయే యంత్రాలు ఎన్ని రకాలో పాఠ్యపుస్తకంలో లేదు. అందుకని నేను మన చుట్టాలను ఆధారం చేసుకుని చెప్పేవాణ్ణి. ఊరి చుట్టూ తిరుగుతూనే ఉండి ఇంటికి మాత్రం రాని చుట్టం ఉంటాడు, స్పుత్నిక్ వంటివి ఆ జాతి. బస్సు దిగకుండా కిటికీలోంచి చెయ్యి ఊపి పోయేవాడు ఇంకొకడు. అంగారకుడి పక్కనుంచి పోతూ ఫోటోలు తీసిన అమెరికా వాళ్ళ యంత్రం అటువంటిది. సైకిలుకు బ్రేకులు లేక వచ్చి మన గోడకే గుద్దుకునే బావమరిది ఉంటాడు, చంద్రుడికి కొట్టుకుని ముక్కలయ్యే దాకా ఫోటోలు పంపిన యంత్రాలు అతని తరగతి. ఇక మెల్లగా వచ్చి, చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని ఇంటి విశేషాలు కనుక్కునే అసలు చుట్టం ఒకడుంటాడు. అటువంటి యంత్రం ఇంకా రావలసి ఉంది, అనేవాణ్ణి. పిల్లలకు ఈ పాఠం బాగా ఒంటబట్టింది. పరీక్షలో ఒకడు వాళ్ళ మేనమామ బొమ్మే వేశాడు.

అరవై ఆరులో, మాఘమాసంలో ఆ అసలు చుట్టం వచ్చాడు. రష్యా వాళ్ళ యంత్రం ఒకటి చంద్రుడి మీద బంతిలా పడి, దొర్లి, నిలబడి, పువ్వులా నాలుగు రేకులు విప్పుకుని కన్ను తెరిచిందని పేపరు రాసింది. నా ఖర్మ కాకపోతే, సరిగ్గా ఆ వారంలోనే నా పూలుపండ్లు, అంటే నిశ్చితార్థం.

సంబంధం కొండగట్టు కింది ఊరిది. రైతు కుటుంబం. పెళ్ళిచూపులనాడు భయం కొద్దీ నేను వాళ్ళ నాన్నకు చాయ నీళ్ళు ఎందుకు మరుగుతాయో వివరించాను. గ్లాసు నా ముందు పెడుతూ ఆ పిల్ల ఒక్కసారి తల ఎత్తి చూసింది. ఆ చూపులో జాలి ఎంతో, నవ్వు ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు గాని, చేసుకుంటే ఈ పిల్లనే అని అక్కడే నిశ్చయించుకున్నాను. మిగతా నా నిర్ణయాలన్నీ ఇంతకంటే ఎక్కువ ఆలోచించి తీసుకున్నవే, ఒక్కటీ ఇంత బాగా కుదరలేదు.

పూలుపండ్లకు మా వాళ్ళం పెద్ద ఇత్తడి గిన్నె నిండా లడ్డూలు కట్టుకుని పోయాం. అయ్యగారు తారాబలం, చంద్రబలం చూసి ఫాల్గుణంలో లగ్గం కుదిర్చాడు. అంతా బాగానే ఉంది, అక్కడితో నేను తమలపాకులు నములుతూ కూర్చుంటే. అప్పుడే కాబోయే మామ మర్యాద కోసం, "సైన్సు సారువు గద బిడ్డా, గా చంద్రుని మీద దిగిన ముచ్చటేందో జర చెప్పరాదు" అన్నాడు. మర్యాద కోసం అడిగిన ప్రశ్నకు మర్యాద కోసమే జవాబు చెప్పాలని డిగ్రీలో నేర్పలేదు. చుట్టాల పాఠం మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. అందరూ నవ్వారు, మామ తమ్ముడు ఒకాయన తప్ప. ఆయనకు నిజంగానే బ్రేకులు లేని సైకిలు ఉందట.

గోడవారన కూర్చున్న పిల్ల నాయనమ్మ అంతసేపూ వక్కాకు దంచుకుంటూ విని, రోకలి పక్కన పెట్టింది.

"గా బండిల మనిషెవలు లేడా?"

"లేరు నాయినమ్మా."

"ఒట్టి బండే దిగిందా?"

"అవును. మనిషి లేకుండా దిగడమే దాని గొప్ప."

"మల్ల ఎప్పుడొస్తది?"

"రాదు. ఇంక అక్కడే ఉంటుంది."

ప్రతి జవాబూ నిజమే. ఒక్కొక్క నిజానికి ముసలమ్మ ముఖం ఒక్కొక్క మెట్టు దిగుతూ పోయింది. మన పల్లెల్లో బయలుదేరేటప్పుడు ఖాళీ బిందె ఎదురొస్తే ఇంట్లోకి మళ్ళి, కాసిన్ని నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని పోతాం. ఇక్కడ లగ్గానికి బలమివ్వవలసిన చంద్రుడి నెత్తిన ఒక ఖాళీ బండి వచ్చి నిలబడింది, పైగా తిరిగి పోయేది కాదని పెళ్ళికొడుకే సాక్ష్యం చెబుతున్నాడు.

"గది అక్కడికెల్లి కదిలినంక జేద్దాం లగ్గం," అంది ముసలమ్మ.

అది కదలదని నేను మరోసారి చెప్పబోతే బాపు నా కాలు తొక్కాడు. అయ్యగారి వైపు అందరూ చూశారు. ఆయన పంచాంగం అటూ ఇటూ తిప్పి, "ఒట్టి బండ్ల సంగతి పంచాంగంల లేదు. పెద్దమ్మ మాటే శాస్త్రమనుకోండ్రి," అని కండువా దులుపుకున్నాడు. ఆ ఇంట్లో ముసలమ్మ మాటకు ఎదురు లేదు. ఎడ్లు కొనాలన్నా ఆమెనే అడిగేవారు. మా అవ్వ, అంటే మా అమ్మ, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. బాపు చెప్పులు వేసుకుంటూ నా చెవిలో, "చంద్రుని మీద దిగెటోడు దిగిండు, నువ్వు ఈడ దిగవడ్డవు గదరా! లగ్గమైనంక జెప్తే నీ సైన్సు మురిగిపోతుండెనా?" అన్నాడు. సైన్సు మురగదు. కానీ నా ప్రాణం మాత్రం అప్పుడే మురుగుతున్నట్టనిపించింది. లోపలి గదిలో గాజుల చప్పుడు వినిపించింది, ఆ పిల్ల నన్ను ఇంకోసారి అలా చూసే అవకాశం ఇక రాదనుకున్నాను.

మేము గడప దాటబోతుండగా లోపలినుంచి మా ఇత్తడి గిన్నె వచ్చింది. తెచ్చింది ఆ పిల్లే. పెద్దల మధ్యకు పెళ్ళికూతురు రావడం ఆ రోజుల్లో రివాజు కాదు. గిన్నె అడుగున గుప్పెడు బియ్యం, ఒక బెల్లం ముక్క ఉన్నాయి. మన దగ్గర ఎవరి గిన్నె వాళ్ళకు ఖాళీగా తిరిగి పంపం కదా, సంబంధం తెగిపోతున్నా సరే ఆ పద్ధతి తప్పదు. ఆ పిల్ల గిన్నెను మా అవ్వ చేతికి ఇవ్వలేదు. నేరుగా ముసలమ్మ ముందు పెట్టింది.

"నాయినమ్మా, పక్కూరికి పంపే గిన్నెనే మనం ఖాళీగ పంపం. గంత దూరం చంద్రునింటికి పంపెటోళ్ళు ఖాళీగ పంపుతరా? ఏం పెట్టి పంపిండ్రో ముందుగాల అడుగు."

ముసలమ్మ గిన్నెలోకి చూసింది, మనుమరాలిని చూసింది, చివరికి నన్ను చూసింది. "ఏం పెట్టిండ్రు పిలగా లోపల?"

నా జీవితంలో ఎన్నో పరీక్షలు రాశాను. అంత జాగ్రత్తగా ఒక్కదానికీ జవాబు రాయలేదు. చూడడానికి ఒక కన్ను పెట్టారన్నాను, అంటే కెమెరా. ఇక్కడిది వినడానికి చెవి, అక్కడిది చెప్పడానికి గొంతు, అంటే రేడియో. ఇవన్నీ ఆరిపోకుండా బ్యాటరీలు పెట్టారన్నాను. బ్యాటరీ అంటే ఏందని అడిగింది. ఆమె పక్కనే టార్చిలైటు ఉంది. దానిలో ఉండేవే అన్నాను.

"గట్లయితే లోపల దీపం ఉన్నట్టే గద?"

దీపానికీ బ్యాటరీకీ తేడా నాకు బాగా తెలుసు, అది నాకు చాలా ఇష్టమైన పాఠం కూడా. బాపు కాలు మళ్ళీ నా కాలి మీదికి వచ్చింది. "ఉన్నట్టే," అన్నాను.

"దీపమున్న ఇల్లు ఖాళీ ఇల్లెట్లయితది? ముచ్చట సక్కగ జెప్పస్తలేదు నీకు. ఒట్టి బండి, ఒట్టి బండి అని నన్ను పరేషాన్ జేస్తివి," అని ముసలమ్మ నన్నే కసిరి రోకలి చేతికి తీసుకుంది. లగ్గం మళ్ళీ ఖాయమైంది. అయ్యగారు పంచాంగం మళ్ళీ తెరిచాడు, తాను దాన్ని ఎన్నడూ మూయనట్టే.

కథ ఇక్కడితో అయిపోతే నేను సుఖంగా ఆదిలాబాద్ పోయేవాణ్ణి. పోయాను, కానీ సుఖంగా కాదు. పోయేసరికి పేపరు వచ్చింది: యంత్రంలో బ్యాటరీలు అయిపోయాయి, అది మాట్లాడడం మానేసింది. ఈ సంగతి కొండగట్టు దాకా పోకుండా చూడమని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. సైన్సు సారు అట్లా మొక్కుకోవచ్చా అంటే, అప్పుడు నేను సైన్సు సారు కంటే పెళ్ళికొడుకునే ఎక్కువ. లగ్గంనాడు పందిట్లో పీటల మీద కూర్చున్నాను, తెర అవతల పెళ్ళికూతురు, ఇంకా జీలకర్ర బెల్లం పెట్టలేదు. పట్టుచీర కట్టుకున్న ముసలమ్మ నా ముందుకు వచ్చి వంగి, మొత్తం పందిరి వినేటట్టు అడిగింది.

"పిలగా, గా మీదిది ఇంక మాట్లాడుతుందా?"

డోలు వాయించేవాళ్ళు కూడా సరిగ్గా అప్పుడే ఆపాలా? మాట్లాడుతున్నదంటే అబద్ధం. లేదంటే దీపం ఆరినట్టు. నేను నోరు తెరిచాను, అందులోంచి ఏమీ రాలేదు. ఆ క్షణంలో నాకూ ఆ యంత్రానికీ తేడా లేదు. బాపు కాలు ఈసారి అందనంత దూరంలో ఉంది.

తెర అవతలినుంచి నెమ్మదిగా వినిపించింది. "లేదు నాయినమ్మా. రేడియోల జెప్పిండ్రు. చెప్పేది చెప్పింది, పండుకున్నది."

వాళ్ళ ఊరి పంచాయతీలో రేడియో ఉందన్న సంగతి నేను మరిచిపోయాను. ఆ పిల్ల మరిచిపోలేదు. అన్ని రోజులూ తెలిసీ ఎవరికీ చెప్పకుండా, అడిగినప్పుడు ఏం చెప్పాలో సిద్ధంగా పెట్టుకుంది.

పందిరంతా ముసలమ్మ నోటి వైపే చూస్తోంది. "గట్లనే ఉండాలె," అంది. "పని జేసి, చెప్పేది చెప్పి పండుకునుడు మంచోళ్ళ లచ్చనం. మీ తాతకు గది రాలే." తర్వాత నా గడ్డం పట్టుకుని, "నువ్వు గూడ జర నేర్సుకో బిడ్డా," అంది. డోలు మళ్ళీ మోగింది. తెర దిగింది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు నేను ముందే చెప్పాను, అదే.

ఆ తర్వాత అత్తగారింటికి పోయినప్పుడల్లా ముసలమ్మకు ఆకాశం సమాచారం అప్పజెప్పడం నా పని అయింది. చంద్రుడి చుట్టూ తిరిగేవి వచ్చాయి, మట్టి తవ్వి చూసేవి వచ్చాయి; ఏది పోయినా ఆమెది ఒకటే ప్రశ్న, లోపల ఏం పెట్టిండ్రని. ఒక యంత్రం తాబేళ్ళను ఎక్కించుకుని చంద్రుణ్ణి చుట్టి వెనక్కి తెచ్చిందని చెప్పినప్పుడు ఆమె సంతోషం చూడాలి. మనుషులకంటే ముందు తాబేళ్ళు పోయి వచ్చాయంటే, "నెమ్మదిగ పోయెటోళ్ళే ముందుగాల చేరుతరు" అని ఇంటింటికీ చెప్పుకుంది. మనిషి చంద్రుడి మీద దిగే దాకా ఆమె ఉండలేదు. ఒక పగలు మనుమరాలికి ఏవో నాలుగు మాటలు చెప్పి, పడుకుంది. ఆ మాటలేమిటో మా ఆవిడ నాకు ఇప్పటికీ చెప్పలేదు.

మొన్న మన యంత్రం కూడా నిద్రపోయింది. అక్కడ రాత్రయింది, మళ్ళీ లేస్తుందో లేదో అని టీవీలో ఒకాయన చాలా బాధపడ్డాడు. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, "చెప్పేది చెప్పింది గద," అని ఊరుకుంది. మనుమలకు ఆ యంత్రం బరువు తెలుసు, వేగం తెలుసు, దిగిన చోటు పేరు తెలుసు. లోపల ఏం పెట్టారని మాత్రం వాళ్ళు ఎవరినీ అడగలేదు. అన్నీ తెలిసినవాళ్ళకు అడగవలసిన అవసరం ఏముంది అనుకుంటాను. అయినా నేను ముసలివాణ్ణి గనుక నాకు కొంచెం వెలితిగా ఉంటుంది.

పక్క ఫ్లాటు వాళ్ళు ఆ వారం ప్లాస్టిక్ డబ్బాలో పాయసం పంపారు. మా ఆవిడ డబ్బా కడిగి, తుడిచి, అడుగున రెండు చెంచాల చక్కెర వేసి పంపింది. కాసేపటికి ఆ ఇంటి పాప డబ్బా పట్టుకుని తిరిగి వచ్చింది. "అమ్మమ్మా, మీ చక్కెర ఇందులో ఉండిపోయింది," అని చాలా నిజాయితీగా చెప్పింది.

నేను కుర్చీలో ముందుకు జరిగి, ఆ పాపకు మొదటినుంచీ వివరిద్దామని నోరు తెరిచాను. మా ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది. చాయ గ్లాసు పెట్టిన నాటి చూపే. నేను చెప్పవలసింది ఎప్పుడో చెప్పేశాను గనుక, లేచి పోయి పడుకున్నాను.