మంచం ఎత్తు

మొన్న ఆసుపత్రిలో ఒక్క మాట తప్పుగా విని నడుము విరగ్గొట్టుకున్నాను. అదీ ఎవరు? జీవితమంతా పత్రికలో ఇతరుల మాటలు దిద్దినవాణ్ని!

శాలిబండ దగ్గరి ఆసుపత్రిలో మా అక్కకు మోకాలి ఆపరేషనైంది. మర్నాడు ఎక్స్‌రే కోసం ఆమెను మంచం మీంచి స్ట్రెచర్ మీదికి మార్చాలి. అక్కకు అదే భయం. "మధ్యల జారి పడితే కొత్త మోకాలు గూడ పాయె!" అని పొద్దుటినుంచి ఒకటే లొల్లి.

సిస్టర్ సునీత, వార్డులో పనిచేసే యాదగిరి వచ్చారు.

"ఫికర్ చెయ్యకమ్మా. మునుపటి లెక్క చేతులమీద లేపం. ఎర్గోనామిక్స్ ట్రైనింగ్ అయినంక మా పద్ధతే మారింది" అంది సునీత.

అంటే పని కోసం ఒళ్లు వంచడం కాదు, ఒంటికి తగ్గట్టు పనిని అమర్చుకోవడం. అక్క కిందికి నున్నటి షీటు ఒకటి తోశారు. కదిలించే ముందు అన్నీ సరిగ్గా ఉన్నాయా అని ఒకరు ఒక్కొక్కటే అడగాలి, ఇంకొకరు చూసి చెప్పాలి. నాకు భలే ముచ్చటేసింది.

"బ్రేకు?" అంది సునీత.

"ఏసిన" అన్నాడు యాదగిరి.

"మంచం ఎత్తు?"

ఆ చివరి ప్రశ్నార్థకం నా చెవిన పడలేదు. నాలాంటి పెద్దమనిషిని పట్టుకుని 'ఎత్తు' అంటుందేమిటని కాస్త చురుక్కుమంది కూడా. అయినా అక్క కోసం కదా! వంగి, మంచం అంచు రెండు చేతులా పట్టి ఒక్క ఊపు ఊపాను.

బ్రేకులేసిన మంచం ఇసుమంతైనా కదల్లేదు. నా వెన్నులోనే ఏదో కటుక్కుమంది.

సరిగ్గా అప్పుడే, మంచం తన నడుమంత ఎత్తులో ఉందని చూసి, యాదగిరి జవాబిచ్చాడు. "నడుము!"

"పోయింది!" అన్నాను నేను.

"ఆగు!" అంది సునీత. ఇద్దరూ షీటు మీంచి చేతులు తీసేశారు. "అయ్యో సార్! మిమ్మల్ని ఎవరు ఎత్తమన్నరు? ఎత్తు ఎంతున్నదని యాదన్నను అడిగిన!"

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మళ్లీ మొదట్నుంచి అడిగారు, చెప్పారు. అప్పుడు షీటు లాగితే అక్క సర్రున స్ట్రెచర్ మీదికి జారింది. కుదుపు లేదు, ఆయాసం లేదు. గట్టిగా కళ్లు మూసుకున్న అక్క ఒక కన్ను తెరిచి, "ఏందీ, అయిపాయెనా?" అంది. ఇంత శుభ్రంగా జరిగే పని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

సాయంత్రం డ్యూటీ మారి కొత్త డాక్టరొచ్చాడు. అక్క వాకర్ పట్టుకుని నిటారుగా నిలబడింది. నేను గోడ పట్టుకుని సగమే లేవగలిగాను. ఆయన ఇద్దర్నీ చూసి, సూటిగా నా దగ్గరికొచ్చి, "ఆపరేషన్ ఎప్పుడైంది?" అన్నాడు.

"ఆపరేషన్ నాకు సార్" అంది అక్క. "వీడు మా తమ్ముడు. నన్ను చూసుకోనీకి వచ్చిండు."