ఊద్ పట్టిన లెల్లా బేయా

మహ్దియా రేవులో సార్డీన్ చేపలు శుభ్రం చేసే ఆడవాళ్లందరిలోకీ బేయా గొంతు పెద్దది. కత్తి ఆడినంతసేపూ పాట సాగేది. పాట ఆగిందంటే వేలు తెగిందనే లెక్క. చిన్నప్పుడు కూతురు సలూవాకు అమ్మ ఎక్కడుందో వెతకాల్సిన పనే ఉండేది కాదు; చెవి ఒగ్గితే చాలు.

భర్త హ్మీదా పడవ మనిషి, నిద్రకు మొహం వాచినవాడు. "నీ పాట వింటే చేపలు కూడా మాల్టా దాకా పారిపోతాయే," అనేవాడు. అంటూనే ఆ పాట వింటూ నిద్రపోయేవాడు. ఆయన పోయాక బేయా నోరు మూతపడింది.

శోకదినాలు గడిచాక ఒక శుక్రవారం, అందరూ కుస్కుస్ పళ్లెం చుట్టూ కూర్చున్న వేళ ఆమె ఉన్నట్టుండి అంది: "నేను ఊద్ వాయించడం నేర్చుకుంటాను."

కొడుకు ముంజీ చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. "అమ్మా, నీకు అరవై దాటాయి. ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీరా. మీ నాన్న పోయినప్పటి నుంచి ఈ వీధిలో ఎవరూ నవ్వలేదు. నా పుణ్యమా అని కాస్త నవ్వుకుంటారు."

సంగీతశాలకు సలూవాయే వెంటబెట్టుకుని వెళ్లింది. గది నిండా పదేళ్ల పిల్లలు. గురువు రాషెద్ లేచి నిలబడి, "మనవరాలిని చేర్పించడానికా, లెల్లా? పాప ఏది?" అని గౌరవంగా అడిగాడు.

"ఆ పాపను నేనే నాయనా," అంది బేయా, ముందు వరసలో చోటు చూసుకుని కూర్చుంటూ.

పెద్ద బొజ్జ, కురచ మెడ ఉన్న ఆ ఊద్ ఆమె ఒళ్లో బాగానే ఇమిడింది. కానీ కత్తికి అలవాటుపడి బిగుసుకుపోయిన వేళ్లు తీగల మీద వంగమంటే వంగవు. ఓ సాయంత్రం మేడ మీద సాధన చేస్తుంటే పక్కింటి ఖమీసా పిట్టగోడ మీంచి కేకేసింది.

"బేయా, ఆ పిల్లిని వదిలేయవే, దాని ఉసురు తగులుతుంది!"

"పిల్లి కాదే, నీ పెళ్లిలో పాడిన పాటే. నీకు అప్పుడూ చెవుల్లేవు!"

ఏడాది చివర కచేరీ పెట్టారు. రేవు ఆడవాళ్లంతా కట్టగట్టుకుని వచ్చారు. రానని భీష్మించిన ముంజీ కూడా వెనక తలుపు దగ్గర నక్కి నిలబడ్డాడు. పాట సగంలో బేయా చేతులు ఆగిపోయాయి. సలూవా కుర్చీలోంచి సగం లేచింది.

బేయా తల ఎత్తి, "వేళ్లు మరిచిపోయాయమ్మా. నోరు మరిచిపోలేదులే," అంది. మిగతా పాట గొంతెత్తి పాడేసింది. ఆడవాళ్లు అందుకున్నారు, పిల్లలు అందుకున్నారు, సంతోషపు కూతలతో పైకప్పు ఎగిరిపోయినంత పనైంది. ఇంటికి వెళ్లేటప్పుడు ఊద్‌ను ముంజీయే భుజాన వేసుకున్నాడు.

"అమ్మా, వచ్చే ఏడు కూడా ఇలాగే మరిచిపో," అన్నాడు.

తర్వాత ఎన్నేళ్లు వాయించినా ఆమెకు నాలుగైదు పాటలకు మించి రాలేదు. సలూవా కూతురు ఉల్ఫా అమ్మమ్మ ఒళ్లోనే నేర్చుకుని, ఎనిమిదో ఏట తప్పులు పట్టడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, అక్కడ స్వరం అది కాదు."

"తెలుసే. నాకు ఇదే బాగుంది."

పోయిన వసంతంలో, మధ్యాహ్నం కునుకులోనే బేయా వెళ్లిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లలో ఎవరూ ఎరగని ఒక మనిషి ఉన్నాడు. సూస్ పట్నం వెళ్లే బాడుగ బండి నడుపుతాడట. ఊద్ తీగలు కొనడానికి బేయా అతని బండిలోనే వెళ్లేదట.

"ఆవిడ ఎక్కిందంటే బండిలో అందరూ పాడాల్సిందే," అన్నాడు, తలవంచుకుని. "పాడనివాణ్ణి దారిలో మోక్నీన్‌లోనే దింపేయమనేది. ఓసారి ఒక పోలీసాయన చేత కూడా పాడించింది."

ముందు ఖమీసా నవ్వింది. తర్వాత ముంజీ. పరామర్శ ఇల్లని సలూవా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ ఆపుకోలేక కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేసింది. కాఫీ తెచ్చి అతని చేతికిస్తూ అడిగింది:

"నువ్వేం పాడేవాడివి నాయనా?"

"నేనా, లెల్లా?" అతను ఇంకా సిగ్గుపడిపోయాడు. "నన్ను మాత్రం ఒక్కసారే పాడనిచ్చింది. ఆ తర్వాత, నువ్వు రోడ్డు చూసుకో బాబూ అనేది."