ఫ్రిజ్ తలుపులో చీటీ

ఇరవై రెండేళ్లు ఆమె ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసింది. అంకె చదివి, చేతి యంత్రంలో నొక్కి, బయటికొచ్చిన బిల్లు చీటీని చింపి ఇచ్చేది. అందుకే అందరికీ చీటీ అక్క అయింది. అసలు పేరు ఆఫీసు రిజిస్టరుకే తెలుసు.

తరవాత కొత్త మీటర్లు వచ్చాయి. పావుగంటకోసారి వాడకం లెక్కను వాటంతటవే ఆఫీసుకు పంపుతాయి. అక్కను కిటికీ పక్కన తెర ముందు కూర్చోబెట్టారు. చెప్పులు అరగడం మానేశాయి. నడుం నొప్పి మొదలైంది.

ఒక మంగళవారం ఇంజినీరు తెర మీద ఒక వీధిని చూపించాడు. మూతపడ్డ మిల్లు వెనక వీధి. నలభై ఇళ్లు, అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"చూడండమ్మా, మనుషులు పడుకున్నా వీళ్ల వాడకం పడుకోదు. లైట్లు వేసి వదిలేస్తున్నారు. శుక్రవారం నివేదిక పంపాలి. తగ్గించని ఇంటికి ముందు నోటీసు, తరవాత లోడు కోత, అంటే ఇచ్చే కరెంటే తగ్గించేస్తాం. ఈ పద్ధతి ఇక్కడ ఫలిస్తే ఊరంతా ఇదే రూలు."

అక్క జాబితా చూసింది. మొదటి ఇల్లు తనదే.

"సార్, ఇది మా ఇల్లు."

ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "మీరు కూడానా?"

"మా అత్తయ్య ఉన్న ఇంట్లో లైటు ఊరికే వెలగడమా! నేను కళ్లజోడు వెతుక్కునేలోపే ఆర్పేస్తుంది."

"మరి ఈ లెక్క?"

మీటరు అబద్ధం చెప్పదు. అత్తయ్యా చెప్పదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి, ఫ్రిజ్ తలుపుకు ఆనించిన స్టూలును పక్కకు జరిపింది. మూడేళ్లుగా రోజూ జరుపుతూనే ఉంది. ఆ రోజు మాత్రం చెయ్యి స్టూలు మీదే ఆగిపోయింది. స్టూలు లేకపోతే తలుపు నిలవదు. పక్కింట్లో ఇటుక. ఎదురింట్లో తాడు. తిరిగినన్నాళ్లూ చూసినవే. మిల్లు మూసేటప్పుడు యాజమాన్యం కార్మికులందరికీ ఒకే రకం ఫ్రిజ్‌లు ఇచ్చింది. అన్నీ ఒకేసారి ముసలివయ్యాయి.

సంచి అడుగున పాత చీటీల చుట్ట ఉంది. ఒక ముక్క చింపి తలుపు సందులో పెట్టి మూసి, లాగింది. వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. తలుపు అంచు రబ్బరు ఎండి పగిలిపోయింది.

"ఇళ్లు అయిపోయాయని ఫ్రిజ్‌కు బిల్లు ఇస్తున్నావా?" అంది అత్తగారు.

"ఇది చల్లదనాన్ని బయటికి పంచిపెడుతోంది అత్తయ్యా. అందుకే మోటారు ఆగట్లేదు."

"అదా సంగతి! దాని పక్కన పడుకుంటే హాయిగా ఉందనుకున్నాను."

గురువారం ఉదయం ఇంజినీరును వీధికి తీసుకెళ్లింది. మొదట తన ఇల్లే చూపించింది. నాలుగో ఇంటికొచ్చేసరికి అతనే చీటీ అడిగి తీసుకున్నాడు. తాడు కట్టిన ఇంట్లో ముడి విప్పబోతుంటే ఆ ఇంటామె కేకేసింది.

"అయ్యో, విప్పకండి! మళ్లీ కట్టడం మా ఆయనకొక్కరికే వచ్చు. ఆయన సాయంత్రం గానీ రారు!"

నలభై ఇళ్లలో ముప్పై ఆరింట చీటీ జారింది. నలుగురు నిజంగానే వరండా లైట్లు ఆర్పడం లేదు.

శుక్రవారం ఇంజినీరు నివేదికలో నోటీసు పేరా కొట్టేశాడు.

"దీని బదులు ఏం రాయమంటారు అక్కా?" ఆ రోజే మొదటిసారి అక్కా అన్నాడు.

"ఎర్రగా కనబడిన ఇంటికి ముందు మనిషి వెళ్లాలని రాయండి. చీటీ జారితే రబ్బరు మార్చాలి, నోటీసు ఇవ్వకూడదు."

అతను అలాగే రాశాడు. పైవాళ్లు ఆ ఒక్క వీధికి ఒప్పుకున్నారు. మిగతా ఊరి సంగతి లెక్కలు చూశాక అన్నారు. వెళ్లాల్సిన మనిషి ఎవరో అడగనక్కర్లేకపోయింది. అక్క చెప్పులు మళ్లీ అరగడం మొదలుపెట్టాయి.

రబ్బర్లన్నీ మార్చాక, రెండు నెలలకు తెర మీద వీధి పచ్చబడింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తగారు రెండు చేతులతో ఫ్రిజ్ తలుపు పట్టుకుని గుంజుతోంది.

"ఏం రూలు తెచ్చావే తల్లీ! నా ఇంట్లో నాకే తలుపు రావట్లేదు!"

అక్క వెళ్లి తలుపు లాగి పెట్టింది. అత్తగారు ఆయాసంతో పక్కనున్న స్టూలు మీద కూలబడింది. మూడేళ్లకు దాని మీద ఒకరు కూర్చున్నారు.