ఎండలో పెట్టిన సొరనూనె

పంతొమ్మిది వందల అరవైల్లో నేను మనుబోలులో ఒక మందుల షాపులో పనిచేసేవాణ్ణి. మందుల గురించి మా యజమానికున్న జ్ఞానమంతా లేబుల్ మీది బొమ్మతోనే సరి. సొరచేప కార్జం నుంచి తీసిన నూనె సీసాలు బంగారంలా మెరుస్తాయని, వాటిని ఎండ తగిలే అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టేవాడు. వెలుతురు తగలనీయవద్దని సీసా మీద ఇంగ్లీషులో రాసే ఉంది. రేచీకటిని తగ్గించేది ఆ నూనెలోని విటమిన్ ఎ అనీ, ఎండకు అది చచ్చిపోతుందనీ చెప్పాను.

"రంగు పోలేదు గదా!" అన్నాడు ఆ మేధావి.

ఒకరోజు చిట్టమూరు వైపు నుంచి ఒక బెస్తామె వచ్చి, రేచీకటి వచ్చిన కూతురి కోసం ఆ నూనె అడిగింది. సీసా తీసిచ్చాను. చేతికి వెచ్చగా తగిలేసరికి అనుమానంగా చూసింది.

"ఇది దేంతో చేసినారన్నా?"

"సొర కార్జంతో."

"మా బిడ్డకు వండిపెట్టకుండా మేం నూనెవాళ్లకు అమ్మిన కార్జమేనా? దీన్ని గూడా చేపల మాదిరి ఎండేసినారా?"

యజమానిని మనసులో తిట్టుకుంటూనే, ఇకనైనా వెలుతురు తగలకుండా ఆ సీసాను కాగితంలో చుట్టి ఆమెకే అమ్మాను.